రెక్కల్లేని ఈగకు పెట్టిన పేరు

అక్క పోయిందన్న కబురు నాకు బళ్ళో తెలిసింది. ఆరో తరగతి పిల్లలతో మందారం బొమ్మ వేయిస్తున్నాను. ఆఫీసు గదికి ఫోనొచ్చిందని ఆయా వచ్చి పిలిచింది. అవతల మా మేడ కింద వాటాలో ఉండే తమిళావిడ. "టీచర్, అక్కా పోయిట్టాంగ," అంది. ఏ అక్క అని నేను అడగలేదు. మా సందులో అందరికీ ఒక్కరే అక్క. పొద్దున కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట, మళ్ళీ లేవలేదు. నేను క్లాసుకు తిరిగి వెళ్ళి, పిల్లలను రంగులు వేసుకోమని చెప్పి, సంచీ తీసుకుని బయటపడ్డాను. ఆటోలో కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

నేను వెళ్ళేసరికి ఇల్లంతా ఆమె పాత విద్యార్థినులతో నిండిపోయింది. హాల్లో క్యాలెండరు పక్కన అద్దం కట్టించిన కాగితం ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో అచ్చయిన వ్యాసం మొదటి పేజీ అది. దాని ముందు నిలబడి ఒకామె పక్కనున్నామెతో, "ఈ ఈగ పేరు ఇప్పుడు చెల్లదు కదా, మేడమే కొట్టేశారు. మరి ఇంకా ఎందుకు తగిలించుకున్నట్టు?" అని గుసగుసలాడింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. శవం ముందు నిలబడి వాదించడం బాగుండదని ఊరుకున్నాను. ఆమెకు చెప్పకుండా మింగేసిన జవాబును ఇక్కడ రాస్తున్నాను. చదివే మీకు ఈగల మీద ఆసక్తి ఉండకపోవచ్చు. నాకూ ఉండేది కాదు.

అక్క నాకు తోబుట్టువు కాదు. మైలాపూరులో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, అంతే చుట్టరికం. మావాళ్ళలాగే వాళ్ళూ తాతముత్తాతల నాడు మద్రాసుకు వచ్చి పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. ఆ ఇంట్లో ఆమె, ఆమె చెల్లెలు, ఇద్దరే. చెల్లెల్ని నేను చిన్నక్క అనేదాన్ని. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే చిన్నక్క, "మాకు తీరిక లేకపోయిందమ్మా," అనేది. నిజంగానే వాళ్ళకు తీరిక ఉండేది కాదు. ఒకామెకు ఈగలతో, ఇంకొకామెకు ఆ ఈగల ఆమెతో.

కాలేజీలో పిల్లలు చాటుగా ఆమెను ఈగ మేడం అనేవాళ్ళట. ఆ సంగతి అక్కకు తెలుసు. "దోమ మేడం అనలేదు, సంతోషం," అనేది. ఆమె చూసేవి మన అరటిపళ్ళ మీద ముసిరే ఈగలు కావు. నీలగిరి కొండల మీద మబ్బు దిగే చోట, కొండ మడతల్లో ఇరుక్కుని పెరిగే పొట్టి చెట్ల అడవులు ఉన్నాయి. షోలాలు అంటారు. చెట్టు కొమ్మలన్నీ నాచు కప్పుకుని, వాన లేకపోయినా ఎప్పుడూ కారుతూ ఉంటాయి. అక్కడ వీపు గూనిగా, ఆవగింజలో సగం ఉండే ఈగలు కొన్ని ఉంటాయి. వాటిలో ఇంతవరకూ ఎవరూ చూడనిదాన్ని గుర్తుపట్టి, దాని రూపమంతా వర్ణించి రాసి, పేరు పెట్టి అచ్చు వేయించడం అక్క పని. సెలవు దొరికితే చాలు రైలెక్కేది.

నన్ను ఈ పనిలోకి లాగింది ముగ్గు. ఒకరోజు పొద్దున నేను మా గుమ్మం ముందు చుక్కల ముగ్గు వేసి లేచేసరికి అక్క పాల గిన్నెతో నిలబడి చూస్తోంది. "చుక్కలు ఒక్కటీ వంకర పోలేదే! నాకొక ఈగ కాలు గీసిస్తావా మే?" అంది. తమాషా చేస్తోందనుకున్నాను. ఆ సాయంత్రం నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. దానికి ఒక చిన్న అద్దం తగిలించి ఉంటుంది. ఒకే కంటికి ఈగా, కాగితం మీద మన పెన్సిలు మొనా కలిసి కనపడతాయి. కనపడినదాని మీదే గీసుకుంటూ పోవాలి. ఒక్క కాలికి నాకు వారం పట్టింది. "లేని వెంట్రుక గీయొద్దు, ఉన్న వెంట్రుక వదలొద్దు," అనేది. కళ్ళు లాగి నేను ఎక్కడైనా అంచనా మీద గీస్తే ఎలా పట్టేసేదో, పట్టేసేది. "అలిసిపోతే కాఫీ తాగు. ఊహించుకోవద్దు," అని పెన్సిలు లాక్కునేది.

చిన్నక్కకు ఆయాసం. చిన్నప్పటి నుంచీ ఉంది. కొండలు, చలి, మబ్బు, ఏవీ పనికిరావని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అందుకని అక్క అన్నేళ్ళు తిరిగిన అడవిని చిన్నక్క ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలని మాత్రం ప్రాణం పీకేది. చలికాలంలో రోడ్డు పక్క ప్లాట్‌ఫారం మీద స్వెటర్లు అమ్మేవాళ్ళు వస్తారు కదా, వాళ్ళ దగ్గర మెరూన్ రంగు స్వెటర్ ఒకటి కొనిపెట్టుకుంది. మద్రాసులో స్వెటర్! అక్క కొండ నుంచి వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే ప్రశ్నలు మొదలు.

"ఆడ మబ్బు ఎట్టా ఉంటుందే? చేత్తో పట్టుకుంటే తడి తగుల్తుందా?"

"తగుల్తుంది."

"వాసనేమన్నా వస్తుందా?"

"నాచు వాసన. కొంచెం మన పాత బావి వాసన."

"అట్టయితే నేనూ చూసినట్టే," అని నవ్వేది చిన్నక్క. నవ్వితే దగ్గొచ్చేది.

చూడలేని అడవిని అక్క సంచుల్లో తెచ్చిపెట్టేది. చిన్నక్క పాత దిండు గలీబులు కత్తిరించి సంచులు కుట్టి ఇచ్చేది. వాటి నిండా షోలా నేల మీది రాలిన ఆకులు వచ్చేవి. మేడ మీద రేకు గరాటు ఒకటి, దాని మీద బల్బు, కింద సీసా. ఆకులు గరాటులో పోస్తే, వాటిలో దాగిన పురుగులన్నీ వెలుతురుకు భయపడి కిందికి దిగి సీసాలో పడతాయి. ముక్కుకు చీరచెంగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఆ సీసాకు కాపలా కాసేది చిన్నక్క. అలా ఒకరోజు, గరాటులో పోసేముందు ఆకులను తెల్లటి పళ్ళెంలో దులుపుతూ పెద్దగా కేక పెట్టింది. "అక్కా, తొందరగా రాయే! గసగసాలు పరిగెత్తుతా ఉండాయి!"

అవి గసగసాలు కావు, గూని ఈగలు. వాటికి రెక్కల్లేవు. రెక్కలుండే చోట రెండు చిన్న మొటిమలు, అంతే. అక్క మైక్రోస్కోపులో చూసి, పుస్తకాలన్నీ తిరగేసి, ఎవరూ వర్ణించని జాతి అని తేల్చింది. ఆ వారమంతా మా రెండిళ్ళలోనూ పండగే. కనిపెట్టినవాళ్ళు తమ పేరు తామే పెట్టుకోవడం ఆ శాస్త్రం వాళ్ళలో పద్ధతి కాదు. మరొకరి పేరు పెట్టవచ్చు. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దానికి చిన్నక్క పేరు పెడతానంది.

"రెక్కల్లేనిదానికా నా పేరు?" అని చిన్నక్క మూతి తిప్పింది. "ఇంకోటి ఉండాది కదా రెక్కలతో. దానికి పెట్టరాదా?"

ఇంకోటి ఉన్నమాట నిజమే. అదే షోలాలో అక్క వలకు చిక్కిన రెక్కల గూని ఈగ, అదీ కొత్త జాతే. దాని వ్యాసం అప్పటికే దాదాపు సిద్ధంగా ఉంది. దానికి మబ్బులో ఉండేది అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టింది. "దాన్ని నేను పట్టినా. దీన్ని నువ్వు పట్టినావు. ఎవరు పట్టింది వాళ్ళకే," అంది అక్క. చిన్నక్క ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఇక్కడ జరిగింది మీరు జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. రెక్కల ఈగ వ్యాసాన్ని అక్క వెంటనే పోస్టు చేసేసింది. రెక్కల్లేని ఈగదాన్ని పంపలేదు. బొమ్మలన్నీ అయిపోయాయి కదక్కా అని నేనంటే, "చిన్నదాని పేరుతో పోయేదే మే. ఒక్క చుక్క తప్పుండకూడదు. ఇంకో సీజను పోయి ఇంకొన్ని తెస్తా," అంది. తెచ్చింది. నా చేత బొమ్మలన్నీ మళ్ళీ మొదటి నుంచి గీయించింది. అలా ఆ వ్యాసం మొదటిదాని తర్వాత ఏడాదికి గానీ అచ్చు కాలేదు. మంచి కాగితం మీద మంచి బొమ్మలతో వచ్చింది. ఆ పేజీనే చిన్నక్క అద్దం కట్టించి హాల్లో తగిలించింది. కూరల బండివాడిని లోపలికి పిలిచి మరీ చూపించింది. "ఇదిగోప్పా, ఇది నేను," అని ఆ పేరు మీద వేలు పెట్టింది. ఆ పేరు నేనిక్కడ రాయను. కావలసినవాళ్ళకు అచ్చులో దొరుకుతుంది.

ఆ తర్వాత ఒక కార్తీకంలో, తుఫాను వానలు విడవకుండా కురుస్తున్న రోజుల్లో, ఆయాసం ఎక్కువై చిన్నక్క పోయింది. అక్క ఏడవగా నేను చూడలేదు. కొండకు పోవడం మాత్రం మానేసింది. మేడ మీద గరాటుకు తుప్పు పట్టింది. రెండో వేసవిలో నేనే పోరుపెట్టి కదిలించాను. అప్పుడు ఆమెకు పసుపు బేసిన్ల పిచ్చి పట్టుకుంది. పసుపు రంగు చూసి పువ్వనుకుని పురుగులు దిగుతాయి, అందులోని సబ్బు నీళ్ళలో మునుగుతాయి. ఆ బేసిన్ల కోసం ఇద్దరం సౌకార్‌పేటకు వెళ్ళాం. కొట్లో ఉన్న బేసిన్లన్నీ వీధిలోకి తెప్పించి, ఎండలో పెట్టి, ఒక్కో పసుపూ పరీక్షగా చూసింది. ఇది నిమ్మ పసుపు, ఇది పనికిరాదు, ఇది సరి, అంటూ వేరుచేసింది. కొట్టాయన వినయంగా, "వీట్ల కల్యాణమా అమ్మా?" అని, ఇంట్లో పెళ్ళేమోనన్నట్టు అడిగాడు. "ఆమాంగ," అంది అక్క నవ్వకుండా. "పెళ్ళికొడుకు దొరకలేదు, వెతకతా ఉండాం." చాలా రోజుల తర్వాత ఆమె హాస్యం విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ మాట ఎంత నిజమవుతుందో అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

కొండ నుంచి తిరిగొచ్చిన అక్క మా ఇంటికి రాలేదు. మర్నాడు నేనే వెళ్ళాను. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంది గానీ దాంట్లోకి చూడటం లేదు. "చెట్టు కొమ్మకు, నా తలకన్నా ఎత్తులో కట్టిన బేసిన్లో చిన్నదాని ఈగ పడింది మే," అంది. మా రెండిళ్ళలోనూ ఆ రెక్కల్లేని ఈగను అలాగే అనేవాళ్ళం. "రెక్కల్లేనిది అంత ఎత్తుకు ఎట్టా పోయింది?"

"పాక్కుంటూ పోయుంటుంది."

"నేనూ అట్టే అనుకున్నా. రెండో బేసిను చూసేదాకా. నువ్వే చూడు."

చూశాను. కింద రెక్కల్లేని ఈగ, దాన్ని పట్టుకుని పైన రెక్కల ఈగ. ఒకదానికొకటి అతుక్కుని అలాగే నీళ్ళలో పడి చచ్చిపోయాయి. మగది ఆడదాన్ని ఎత్తుకుని ఎగిరింది. రెండు జాతులు కావు. ఒకటే జాతి, ఆలుమగలు. రూపంలో ఏ పోలికా లేకపోవడంతో అక్క ఒకే ఈగను రెండుసార్లు వర్ణించి, రెండు పేర్లు పెట్టింది. ఈగల వాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది. మనుషుల్లో ఎవరూ భార్యాభర్తలను చూసి రెండు జాతులనుకోరు.

నాకు మొదట అర్థం కాక నవ్వాను. అక్క మొహం చూసి ఆగిపోయాను. ఒక జాతికి ఒకటే పేరు ఉండాలి, ఏది ముందు అచ్చయితే అదే నిలవాలి. అది వాళ్ళ నియమం. ముందు అచ్చయింది మబ్బు పేరు. చిన్నక్క పేరు పోవాలి. అది కొట్టేయవలసింది అక్కే.

"ఎవరికి తెలుస్తుందక్కా?" అన్నాను. అనే ముందు ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచించినా అదే అంటాను. "ఆ అడవికి నువ్వు తప్ప పోయేవాళ్ళెవరు? ఆ ఒక్క సీసా మూత పెట్టేస్తే సరిపోతుంది. ఆమె హాల్లో ఆ కాగితం చూసుకుని ఎంత మురిసిపోయింది!"

అక్క ఆ సీసాను తన దగ్గరకు జరుపుకుంది. "ఎవరికి తెలుస్తుందంటే ఏం చెప్పేదే? ఆ రెండు ఈగలకూ తెలుసు. నాకూ తెలుసు. ఇంకెవరికి తెలియాల?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నేను అప్పుడే రెండూ కలిపి పంపేసుంటే ఒకేసారి అచ్చయ్యేవి, ఏ పేరు నిలపాలనేది నా చేతుల్లో ఉండేది, దాని పేరే నిలిచేది. బాగా చెయ్యాల, ఇంకా బాగా చెయ్యాల అని ఏడాది నిలిపేసినా. ప్రేమతోనే నిలిపినా మే. ఆ ప్రేమే దాని పేరు తినేసింది," అంది. ఆమె కన్నీళ్ళు నేను చూసింది ఆ ఒక్కసారే. చెల్లెలు పోయినప్పుడు రానివి, ఆ పేరు పోతుంటే వచ్చాయి. నేనూ ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

వ్యాసం రాయడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. రాసింది చాలా చిన్నది. మామూలుగా వాళ్ళ వ్యాసాల్లో ఈగ ముక్కలే ఉంటాయి, ఇక్కడ కాలు, అక్కడ రెక్క, తోక కొస. ఈసారి మాత్రం జంటను జంటగా, పూర్తిగా గీయమంది. మగదాని కాళ్ళు ఆడదాన్ని ఎక్కడ పట్టుకున్నాయో ప్రతి వెంట్రుకా గీశాను. ఆమె నా పెన్సిలు లాక్కోలేదు. పోస్టు చేయడానికి నేనూ వెంట వెళ్ళాను. అప్పుడే ఊరి పేరు మారింది. అక్క కవరు మీద చెన్నై అని రాసి, కాసేపు చూసి, పక్కనే చిన్న అక్షరాలతో మద్రాసు అని కూడా రాసింది. "మాలోనూ ఇట్టే మే," అంది. "కొట్టేసిన పేరు పారేయం. నిలిచిన పేరు కింద, లోపలికి జరిపి, చిన్నగా రాస్తాం. ఆ ఈగ గురించి ఎప్పుడు ఎవరు రాసినా దాన్నీ రాయాల్సిందే. చిన్నది మొదట పట్టిన ఈగకు, ఆ పేరుకు ఆధారం ఇదేనని ఎర్ర చీటీ ఉంటుంది, దాన్ని ఎవరూ తీయరు." ఆ మాటలు నాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో తెలియదు. హాల్లో కాగితం తీస్తుందేమోనని నేను చాలా రోజులు చూశాను. తీయలేదు. ఆదివారం ఆదివారం తడిగుడ్డతో అద్దం తుడిచేది.

మేడం ఆ కాగితాన్ని ఎందుకు ఉంచుకుందని అడిగినావిడకు ఇదీ నా జవాబు. శాస్త్రానికి చేయవలసింది శాస్త్రానికి చేసింది. చెల్లెలిది చెల్లెలికి ఉంచింది. ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచలేదు. అలా బతకడం ఎంత కష్టమో ఆమె పక్క గోడకు ఇవతల ఉండి చూశాను. ఈ సాయంత్రాల్లో గోడ అవతల దీపం వెలగదని తెలిసీ అటే చూస్తున్నాను. ఆమె లేని లోటు నాకు ఎలా తీరుతుందో తెలియడం లేదు.

ఒక్కటి చెప్పి ఆపుతాను. పోయిన ఏడాది ఆమె చివరిసారి కొండకు వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళింది. బయల్దేరే ముందు బీరువాలోంచి మెరూన్ స్వెటర్ తీసి నా చేతికిచ్చింది. కొన్ననాటి మడత ఇంకా పోలేదు. షోలా అంచుకు చేరేసరికి తెల్లవారింది. మబ్బు చెట్ల మధ్య నుంచి మా మీదికి నడిచివచ్చింది. నిజంగానే పాత బావి వాసన. అక్క ఆకుల పక్కన తెల్లగుడ్డ పరిచి మోకాళ్ళ మీద కూర్చుంది, నన్నూ కూర్చోమంది. ఎంతసేపు కూర్చున్నామో. మోకాళ్ళు తడిసిపోయాయి. ఉన్నట్టుండి ఆమె నా స్వెటర్ చెయ్యి పట్టుకుంది.

"అదిగో చూడు మే, గుడ్డ మీంచి లేస్తా ఉండాయి. ఇద్దరూ. చిన్నదాన్ని ఎత్తుకోని పోతా ఉండాడు, చూస్తా ఉండావా?"

నేను చూశాను. తెల్లటి మబ్బులో నల్లటి చుక్క ఒకటి పైకి పోతోంది. రెండు నాకు కనపడలేదు. అక్క తల ఎత్తి, అది కనపడకుండా పోయాక కూడా, అటే చూస్తూ నా స్వెటర్ చెయ్యి పట్టుకునే ఉంది.